తిరిగొచ్చిన క్యారియర్ బరువు

ఆదివారం పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద కాసేపు నిలబడి చూడండి. తాడేపల్లి, ఉండవల్లి, పెనుమాక వైపు నుంచి బెజవాడ పోయే బళ్లలో చాలావాటికి హ్యాండిల్‌కో క్యారియర్ వేలాడుతుంటుంది. ముందు తండ్రి, వెనక తల్లి, ఆవిడ ఒళ్లో ఉతికి మడతపెట్టిన బట్టల సంచి. హాస్టల్లో ఉన్న పిల్లల్ని చూడ్డానికి. నేనూ రెండేళ్లు అలా వెళ్లినదాన్నే.

మావాడు ఇంటర్ ఫస్టియర్. కార్తీకమాసం కాబట్టి పులిహోర, బంగాళాదుంప వేపుడు, గోంగూర పచ్చడి పట్టుకెళ్లాను. కాలేజీ ఆవరణలో చెట్టు కింద కూర్చున్నాం. ఎలా చదువుతున్నావంటే "బాగానే" అన్నాడు. వీకెండ్ టెస్టులో ర్యాంకెంతంటే చెప్పాడు. అంతే మా మాటలు. ఇంటికొచ్చి గిన్నెలు కడగబోతే రెండో గిన్నె మూత కూడా తీయలేదు. పై వారమూ అంతే. మెస్‌లో తినుంటాడులే అనుకుని ఫ్రిజ్‌లో పెట్టేశాను. ఫిబ్రవరిలో ఒక రాత్రి ఇన్‌చార్జి ఫోన్ చేసి, "మీవాణ్ణి తీసుకెళ్లండమ్మా, నెల్రోజులుగా నిద్రపోవడంలేదు, క్లాసులో వణికిపోతున్నాడు" అన్నాడు. నెల్రోజులుగా తెలిసినవాడు ఆవేళ చెప్పినందుకు ఒళ్లు మండింది. నాలుగు నెలలుగా క్యారియర్ మోస్తున్న నాకు ఏమీ తెలియనందుకు ఎవరి మీద మండిపడాలో మాత్రం అర్థం కాలేదు.

వాడిప్పుడు బాగున్నాడు. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాయగలుగుతున్నాను.

మనసు జబ్బుల గురించి ప్రభుత్వం ఏమీ ఆలోచించలేదనుకుంటాం గానీ, అది నిజం కాదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982 నాటిది. అనంతపురం దాటితే వచ్చే బళ్ళారిలో, బెంగుళూరు నిమ్‌హాన్స్ మానసిక వైద్యశాల డాక్టర్లు ఆ దశాబ్దంలోనే ఒక ప్రయత్నం చేశారు. బెంగుళూరు దాకా రాలేని మనుషులకు పీహెచ్‌సీ డాక్టరూ, ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తా కలిసి ఆసరా కాగలరా అని చూశారు. కాగలరని తేలింది. ఆ నమూనా మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని మొదట నాలుగు జిల్లాల్లో పెట్టారు. అందులో మన ఉమ్మడి రాష్ట్రంలోని మెదక్ ఒకటి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 29వ సెక్షన్లో ఇంకో అడుగు ముందుకేసింది. జబ్బు వచ్చాక వైద్యం చేయడం ఒక్కటే కాదు, రాకుండా చూసే కార్యక్రమాలు వేసి నడపడం కూడా ప్రభుత్వాల బాధ్యతే అంది. 2022 నవంబరులో ఆత్మహత్యల నివారణకు జాతీయ వ్యూహం వచ్చింది. 2030 నాటికి ఆ మరణాలు 10 శాతం తగ్గాలన్నది దాని లక్ష్యం.

కాగితం మీద ఇంత ఉంది. ఇందులో తాడేపల్లి తల్లికి దక్కిందెంత? నా అనుభవంలో, అడిగినంత. రేషన్ కార్డులో పేరు తప్పు పడితే సచివాలయం చుట్టూ నాలుగుసార్లు తిరుగుతాం. బడిలో పిల్లల మనసు గోడు వినడానికి ఎవరున్నారని ఒక్కసారీ అడగం. ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం 2020లో మొదలైంది. దాని ప్రకారం బడికి ఇద్దరు టీచర్లు శిక్షణ తీసుకుని, పిల్లలకు 11 అంశాలు చెప్పాలి. ఉద్వేగాలు, మానసిక ఆరోగ్యం అందులో ఒకటి. మీ ఊరి బడిలో ఆ ఇద్దరూ ఎవరో మీకు తెలుసా? మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెడుతున్నారు కదా, 2024 డిసెంబరు 7న మొదటిది జరిగింది. ఈసారి పిలిస్తే మార్కుల కార్డు చూశాక ఆ ఒక్క ప్రశ్నా అడగండి. అడిగేవాళ్లు పదిమంది అయితే హెడ్మాస్టరు గారే ఆ టీచర్లను పిలిచి పక్కన కూర్చోబెడతారు.

ఇంటర్ కాలేజీల సంగతి వేరు. విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులుంటే శిక్షణ పొందిన కౌన్సెలరో సైకాలజిస్టో కనీసం ఒకరుండాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టడం, నలుగురిలో సిగ్గుపడేలా చేయడం మానుకోవాలి. హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనిపించేలా రాసిపెట్టాలి. తల్లిదండ్రులకూ ఎప్పటికప్పుడు అవగాహన కల్పించాలి. చేర్పించేటప్పుడు ఫీజులో ఐదువేలు తగ్గించమని గంటసేపు బేరమాడతాం కదా, అందులో ఐదు నిమిషాలు దీనికి కేటాయించండి. మీ కౌన్సెలర్ ఎవరండీ, ఏయే రోజుల్లో ఉంటారు, పిల్లవాడు వెళ్తే ఎవరికి చెప్తారు అని అడగండి. ఒక చిక్కుంది. మన దగ్గర కౌన్సెలింగ్ అంటే ఈఏపీసెట్ సీటు, కౌన్సెలర్ అంటే అడ్మిషన్ల కోసం ఇంటికి ఫోన్ చేసే అబ్బాయి. "ఉన్నారు మేడమ్" అంటే ఏ కౌన్సెలరో కూడా అడిగి తెలుసుకోండి.

ఆ తీర్పులోనే ప్రస్తావించిన ఒక లెక్క నన్ను ఆపేసింది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. పరీక్ష తప్పడమే కారణమని నేరుగా నమోదైనవి రెండు వేల పైచిలుకే. మరి మిగతావాళ్లు? మనమేమో అంతా మార్కుల గొడవే అనుకుని, మార్కులు బాగా వస్తున్న పిల్లల మీద అసలు కన్నే వేయం. మావాడి ర్యాంకు ఆ నాలుగు నెలలూ పడిపోలేదు.

చూడవలసింది ఎక్కడ? తిండి, నిద్ర, స్నానం, స్నేహితులు. క్రికెట్ అంటే పడిచచ్చేవాడు స్కోరు అడగడం మానేస్తాడు. పూలు తెగ పెట్టుకునే పిల్ల తల దువ్వుకోవడం మానేస్తుంది. డాక్టరు ఏమీ లేదన్నా కడుపునొప్పి మళ్లీ మళ్లీ వస్తుంది. అయినదానికీ కానిదానికీ చిరాకు. ఇలాంటివి ఒకటీ అరా రెండ్రోజులు అందరికీ ఉంటాయి. రెండు వారాలు దాటినా వదలకపోతే ఇక ఆలస్యం చేయకండి. నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య కనిపించింది. అరవై మంది ఉన్న సెక్షన్లో నలుగురన్నమాట. మన పిల్ల ఆ నలుగురిలో ఉండకూడదని ఏముంది?

మా ఆడపడుచు వాళ్లది ప్రత్తిపాడు దగ్గర పల్లె. పత్తీ మిరపా వేస్తారు. వాళ్ల పెద్దబ్బాయి డీలా పడిపోయిన రోజుల్లో అన్నయ్యగారు నాతో ఒక మాటన్నారు. "మిరపలో ఆకు ముడుచుకుంటే గట్టు మీంచే పసిగట్టేస్తానమ్మా, ఇంట్లో తిరిగేవాడి సంగతి కనుక్కోలేకపోయాను." ఆయన బాధ విన్నాక నా కళ్లు వసారాలోకి పోయాయి. మంచం కింద సగం వాడిన పురుగుమందు డబ్బాలు. ఆ వేళే వాటిని మోటారు షెడ్డులోకి మార్పించి తాళం వేయించాం, తాళంచెవి ఆయన మొలతాడుకు. పొలం ఉన్న ప్రతి ఇంటికీ ఇది చెప్తాను, పిల్లలు ఎంత హుషారుగా ఉన్నా సరే. ప్రాణం తీసుకోవాలనే ఆ తెగింపు చాలామందిలో కాసేపే ఉంటుంది. ఆ కాసేపూ మందు చేతికి అందకుండా ఉంటే మనిషి దక్కుతాడు. ప్రమాదకరమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటే నిషేధించుకుంటూ వచ్చిన శ్రీలంకలో ఆత్మహత్యలు 1995 నుంచి చూస్తే సగానికి పైగా తగ్గాయి. తమిళనాట కడలూరు జిల్లాలో చెన్నై సైకియాట్రిస్టు లక్ష్మీ విజయకుమార్ బృందం, రైతులందరూ మందు డబ్బాలు ఒకే చోట తాళాల పెట్టెల్లో దాచుకునే ఏర్పాటు చేసి చూసింది. తాళం కప్ప కూడా మానసిక ఆరోగ్య కార్యక్రమమేనని నాకు అప్పుడు తెలిసింది.

అలాంటిదే ఇంకోటి, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ. ఏప్రిల్లో తప్పినవాడు మేలో రాసి, ఏడాది పోకుండా తోటివాళ్లతోనే ముందుకు పోతాడు. దాన్ని మనం పరీక్షగానే చూస్తాం. నా దృష్టిలో మాత్రం పిల్లల ప్రాణాలు కాపాడటానికి ప్రభుత్వాలు చేసిన పనుల్లో దానికి పెద్దపీట వేయాలి. ఫలితాలొచ్చే ఆ రోజు మీరు పనికి సెలవు పెట్టి ఇంట్లో ఉండండి. ఫోన్ పట్టుకుని చుట్టాలకు జవాబులు మీరు చెప్పుకోండి, పిల్లలకు ఇవ్వకండి. తప్పితే "మేలో రాద్దాంలే, ముందు అన్నం తిను" అంటే ఆ పూటకు చాలు.

మాట్లాడటమెలా అని అడుగుతారు. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడు, మొహాలు చూసుకోనక్కర్లేనప్పుడు వాళ్లంతట వాళ్లే చెప్తారు. "నీకోసమే పొలం అమ్మాం" అన్న మాట నోటికి రానీయకండి. మనం ప్రేమకొద్దీ అంటాం, వాళ్లకది అప్పు పత్రంలా వినిపిస్తుంది. మరీ అనుమానంగా ఉంటే, "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చెప్తోంది. అవునంటే కేకలు పెట్టకండి, ఏడవకండి, ఒంటరిగా వదలకండి.

డాక్టరు దగ్గరికెళ్తే పిచ్చి అంటారని, రేపు పిల్లకు సంబంధాలు రావని భయం. ఆ భయం నాకూ ఉండింది, తక్కువ చేయను. కానీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఆ 2017 చట్టమే ఇచ్చింది. ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్లను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగా చూడాలని, శిక్షించకూడదని కూడా అందులోనే ఉంది. మనకు మంగళగిరి ఎయిమ్స్ కూతవేటు దూరం, అక్కడా సైకియాట్రీ విభాగం ఉంది, గుంటూరు పెద్దాసుపత్రిలోనూ ఉంది. అంతదాకా పోవడానికి కాళ్లు రాకపోతే 14416. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మా వెనక వీధి అమ్మాయి మొన్నొక శనివారం క్యారియర్ సర్దుకుంటూ, "వాణ్ణి ఏం అడగమంటారు పిన్నిగారూ?" అంది. ర్యాంకు వద్దు, మెస్‌లో ఎవరి పక్కన కూర్చుంటున్నాడో అడగమన్నాను. మర్నాడు సాయంత్రం చెప్పుల్తోనే మా వంటింట్లోకొచ్చేసింది. "ఎవరి పక్కనా కూర్చోడంట పిన్నిగారూ." ఫోన్ స్పీకర్లో పెట్టి ఇద్దరం 14416కి చేశాం. అవతలి అమ్మాయి కంగారుపెట్టలేదు, నిద్ర గురించీ తిండి గురించీ అడిగింది, పిల్లవాడితో తనే మాట్లాడతానంది, వాణ్ణి ఇంటికి పిలిపించుకోవడానికి ఏం చెప్పాలో చెప్పింది. వాడు నాలుగు రోజులుండి వెళ్లాడు. ఆ పై ఆదివారం క్యారియర్ రెండు గిన్నెలు పెరిగింది. ఒకటి తను కూడా కూర్చుని తినడానికి, ఇంకోటి వాడి పక్క మంచం కుర్రాడికి.