మందు వెలలో దాగిన లంచము

లంచమనగా బల్లక్రింద చేతులు మారెడి రూపాయలే యని మన విద్యార్థులలో పెక్కురు తలంతురు. మందుల వ్యాపారమున లంచము అట్లు కంటబడదు, వెలలో కలిసిపోవును. పది రూపాయల మందును ఇరువది రూపాయలకు కొన్నట్లు బిల్లు వ్రాసినచో, హెచ్చు పదియు అమ్మినవాడును కొన్న యుద్యోగియు పంచుకొందురు. పుస్తకములలో లెక్క సరిపోవును. రోగికి మాత్రము రెండు సీసాలు రావలసినచోట ఒక్కటే వచ్చును.

ఇందుకు తెలుగునాటనే నిదర్శనము కలదు. 1948వ సంవత్సరపు చట్టముచే ఏర్పడిన ఉద్యోగుల రాజ్య బీమాను జనులు ఇ.ఎస్.ఐ. అందురు. తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో నెలకు 12,000 రూపాయలు గడించు కార్మికుడు ఈ బీమాలో చేరియున్నచో, అతని జీతమునుండి నూటికి 0.75 చొప్పున 90 రూపాయలును, యజమానినుండి 3.25 చొప్పున 390 రూపాయలును, వెరసి 480 రూపాయలు నెలనెలయు ఆ నిధికి చేరవలెను. కావున అక్కడ నిచ్చు మందు ధర్మమున కిచ్చినది కాదు, చెమటోడ్చి ముందుగా కొనుక్కొన్నది.

2019 సెప్టెంబరులో తెలంగాణమున అవినీతి నిరోధకశాఖవారు ఈ పథకపు వైద్యశాఖాధిపతిని, మరికొందరిని నిర్బంధించిరి. 2020 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశమున విజిలెన్సువారి నివేదిక వెలువడెను. జూన్ మాసమున ఒక మాజీ కార్మికమంత్రియు నిర్బంధింపబడెను. రెండుచోట్లను ఆరోపణము ఇంచుమించుగా ఒక్కటియే: టెండరు పద్ధతిని తప్పించి తమకు నచ్చినవారివద్ద హెచ్చు వెలకు కొనిరనియు, అక్కరకు మించి ఇండెంట్లు వ్రాయించిరనియు. దోషి యెవ్వరో తేల్చుట న్యాయస్థానముల పని.

ఇండెంటనగా ఆసుపత్రి తనకు కావలసిన మందులను వ్రాసి పంపు పట్టీ. నూరు సీసాలు చాలినచోట ఐదువందలు వ్రాసిరనుకొనుడు. మిగిలిన నాలుగువందలు అలమారలో గడువు తీరి పారవేయబడును. ఆ సొమ్ముతో రావలసిన చక్కెరవ్యాధి మందు రాదు. "మందు లేదు, బయట కొనుక్కో" అను మాట అట్టి చోటులలో పుట్టును. వానలు తప్పి వేరుసెనగ ఎండిన యేట మన జిల్లా రైతున కా మాట మరియొక అప్పు.

పోవునది ధనమొక్కటియే కాదు. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో డైఇథిలీన్ గ్లైకాల్ అను విషము కలిసిన గ్లిసరిన్ వాడుటచే 14 మంది మరణించిరి. విచారించిన లెంటిన్ సంఘము, ఆ కొనుగోలులోను ఔషధ తనిఖీశాఖలోను గల అక్రమములను బయటపెట్టెను.

ఉపాయము లేకపోలేదు. పొరుగున తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకై ఒక ప్రత్యేకసంస్థను స్థాపించినది. టెండర్లు బహిరంగము, వచ్చిన ప్రతి బ్యాచినుండి నమూనా పరీక్షాశాలకు పోవలెను. అమ్మువాని మంచితనముపైగాని కొనువాని మంచితనముపైగాని ఆధారపడకుండుటయే, నా యభిప్రాయమున, ఆ పద్ధతిలోని బలము.

చట్టములో పెద్దలును గమనింపదగిన మార్పు ఒకటి కలదు. 2018 సవరణము తరువాత లంచమిచ్చినవాడును శిక్షార్హుడే. బలవంతముచే ఇచ్చినవాడు ఏడు దినములలోగా అధికారులకు తెలిపినచో వానికి శిక్ష లేదు.