దూరమునుండి నడుపు ప్రయోగశాల

రసాయనశాస్త్రమును బోధింపగోరువారు ముందుగా ద్రావణమును తమ చేతితో కొలిచి, రంగు మాఱుటను తమ కంటితో చూచి యుండవలెను. కాని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ఇంటిపట్టుననే యుండి ఉపాధ్యాయ శిక్షణ పొందగోరువారికి మంచి ప్రయోగశాల ప్రతిదినమును దొరకు టెట్లు? ఇందుకొక యుపాయముగా కేంద్ర ప్రభుత్వము 2009లో విద్యా సాంకేతిక పథకము క్రింద ‘వర్చువల్ ల్యాబ్స్’ను నెలకొల్పెను. ఢిల్లీ ఐ.ఐ.టి. సమన్వయ సంస్థ, మన హైదరాబాదు ట్రిపుల్ ఐటీయు అందు పాలుగొన్నది.

ఇందు రెండు రకములు గలవు. మొదటిది సూత్రమునుబట్టి కంప్యూటరు గీయు బొమ్మ. అందు గాజును లేదు, ద్రావణమును లేదు. రెండవదానియందు ఎచ్చటనో యొక గదిలో నిజమైన యంత్రమే యుండును. మనము మీట నొక్కగా ఆ యాజ్ఞ తీగెలవెంట పోయి చిన్న మోటారును త్రిప్పును; కెమెరా యా దృశ్యమును, యంత్రము తన యంకెలను మనకు పంపును. బొమ్మ యెన్నడును తడబడదు. యంత్రము నిజమైనది గనుక అంకె కొంచె మటునిటు నగుచుండును. ఉపాధ్యాయులు కాబోవువారికి ఆ తడబాటే మేలైన పాఠమని నా తలంపు.

ఉదాహరణకు కలరిమీటరును తీసికొందము. పొటాషియం పర్మాంగనేటు ద్రావణ మొకటి తనపై బడిన వెలుతురులో సగమునే పోనిచ్చిన దనుకొనుడు. దాని శోషణము 0.30. ద్రావణమును రెండింతలు చిక్కనచేసిన వెలుతురు పూర్తిగా నిలిచిపోవునా? పోదు. సగములో సగము, అనగా నూటికి 25 పాళ్లు, వెడలును, శోషణము 0.60 అగును. లాంబర్టు 1760లోను, బేర్ 1852లోను తెలిపిన నియమము లిందు కలిసియున్నవి. అయిదు ద్రావణముల యంకెలను గ్రాఫు కాగితముపై గుర్తింపగా సరళరేఖ రావలెను. ఒక చుక్క దూరముగ బడినచో దానిని తుడిచివేయరాదు. గాజు మసకబాఱెనా, ద్రావణము సరిగా కలియలేదా యని విచారింపవలెను.

ఈ యంత్రముతో మనకు దగ్గఱి సంబంధమే కలదు. నల్లగొండ సీమ నీటిలోని ఫ్లోరైడు సంగతి యెఱుగనివారు లేరు. పటిక, సున్నములతో దానిని తీయు పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ యనియే పేరు. త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. జిర్కోనియము కలిసిన యెఱ్ఱని రంగు ద్రావణమును ఆ నీటితో కలిపినచో, ఫ్లోరైడు జిర్కోనియమును తనవైపు లాగుకొనును, రంగు వెలవెలబోవును. ఎంత వెలసినదో కలరిమీటరు చెప్పును.

చిక్కిచ్చటనే యున్నది. మీ యూరి బావినీటిని తీగెలవెంట పంపలేము! సీసాలో పట్టి, మోసికొనిపోయి, పిపెట్టుతో కొలుచుటకు అలవాటుపడిన చేయి కావలెను. కనుక దూరమునుండి అభ్యసించువారిని సెలవులలో కొన్ని దినములైనను ప్రయోగశాలకు రప్పింపవలసినదే.

విద్యార్థులారా, కలరిమీటరు లేకున్నను ఉపాధ్యాయుని సమక్షమున ఇట్లు చేసిచూడుడు: ఒకే వెడల్పుగల అయిదు పరీక్షనాళికలలో పలుచని పర్మాంగనేటు ద్రావణమును క్రమముగా ఇంకను పలుచనచేసి పోసి, వెనుక తెల్లకాగిత ముంచుడు. ఆఱవ నాళికలో, పాలెంతయో మీకు చెప్పక, ఉపాధ్యాయుడే ద్రావణమును పోయును. అది యే రెంటి నడుమ నిలుచునో ప్రక్కనుండి చూచి వ్రాసికొనుడు.