ఫ్రిస్కోలో ఇల్లు ఖాళీ చేస్తున్నాం, డిపాజిట్ వస్తుందా?

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తున్నాం. గోడల రంగు వెలిసింది. పొయ్యి మీది వెంట్‌హుడ్‌కు పోపు జిడ్డు పట్టింది. డిపాజిట్ పోయినట్టేనా?

జవాబు: కంగారు పడకండి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు డిపాజిట్‌లోంచి పట్టుకోవడానికి టెక్సస్ చట్టం ఒప్పుకోదు. రంగు వెలిసిపోవడం ఆ కోవలోదే. జిడ్డు సంగతి వేరు, దానికి మాత్రం కోత పడొచ్చు. హుడ్ జాలీ విప్పి, వేడినీళ్లలో గిన్నెల సబ్బు, వంటసోడా వేసి నానబెట్టి తోమండి. తర్వాత ప్రతి గదినీ ఫొటోలు తీసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, మీ కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇవ్వడం. చాలామంది ఇదే మరిచిపోతారు. అది ఇచ్చి, అద్దె బాకీ లేకుండా తాళాలు అప్పగిస్తే 30 రోజుల్లోగా డిపాజిట్ గానీ, కోతల జాబితాతో మిగతా సొమ్ము గానీ రావాలి. ఇంతకీ నోటీసు ఇచ్చారా? 60 రోజుల ముందే ఇవ్వాలనే లీజులు చాలా ఉంటాయి. మీది ఈ రోజే తీసి చదవండి.