పాత కారు పొగలో కొత్త కొలువు

చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కి స్కానర్ తగిలించి కోడ్ చదవడం ఇప్పుడు పెద్ద విద్యేమీ కాదు. చవకలో దొరికే బ్లూటూత్ స్కానర్‌ను ఫోన్‌కి కలుపుకొని కారు యజమానే చదివేస్తున్నాడు. అంతవరకే వచ్చిన కుర్రాడికి ఏ గ్యారేజీ మాత్రం మంచి జీతం ఎందుకిస్తుంది? కోడ్ చూశాక ఏం కొలవాలో, ఏ వరుసలో కొలవాలో తెలిసినవాడు వేరు. అలాంటివాళ్లు అరుదు. ఈ కోడ్‌లు ఇచ్చే ఓబీడీ-2 వ్యవస్థ మన దేశంలో కార్లకు తప్పనిసరి అయింది 2013లో. అప్పటి కార్లు ఇప్పుడు పదేళ్లు దాటి, చాలావరకు లక్ష కిలోమీటర్లు పైబడి తిరుగుతున్నాయి. ఢిల్లీలో పెట్టినట్టుగా వయసు చూసి రోడ్డెక్కనివ్వని ఆంక్ష మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లేదు. 15 ఏళ్లు నిండాక ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే ఆర్‌సీ మరో ఐదేళ్లు పొడిగిస్తారు. అంటే ఈ బండ్లు ఇంకా చాలాకాలం మెకానిక్కుల దగ్గరికి వస్తూనే ఉంటాయి. ఆటోమొబైల్ చదువుతూ ఏ పనిలో చెయ్యి తిరగాలా అని ఆలోచించేవాళ్లు వీటి ఉద్గార సమస్యల నిర్ధారణను ఎంచుకోవచ్చని నా అభిప్రాయం.

ఈ పని ఎలా ఉంటుందో ఒక్క కోడ్‌తో చూద్దాం. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన పెట్రోల్ కారులో పి0420 వచ్చిందనుకోండి. కెటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదన్నది దాని అర్థం. కన్వర్టర్‌కి ముందు ఒకటి, వెనక ఒకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. సాధారణ రకం సెన్సర్లయితే ముందుది 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతుంటుంది, వెనకది దాదాపు నిలకడగా ఉండాలి. వెనకదీ ముందుదానిలాగే ఊగితే కంప్యూటర్ ఆ కోడ్ వేస్తుంది. చాలాచోట్ల జరిగేది ఏమిటంటే, మొదట వెనక సెన్సర్ మారుస్తారు. తగ్గకపోతే కన్వర్టరే మారుస్తారు. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉండే సరుకు కాబట్టి బిల్లు బరువుగానే పడుతుంది. కొన్ని నెలలకే లైటు మళ్లీ వెలుగుతుంది. కన్వర్టర్ ఎందుకు పోయిందని ఎవరూ అడగకపోవడమే కారణం. ఇగ్నిషన్ కాయిల్ బలహీనపడి ఒక సిలిండర్ మిస్సింగ్ కొడుతుంటే, మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. ఆ వేడికి లోపలి జల్లెడ కరిగిపోతుంది. పిస్టన్ రింగులు అరిగి ఇంజిన్ ఆయిల్ తింటుంటే, ఆయిల్‌లోని ఫాస్ఫరస్ పూతను కప్పేస్తుంది. సర్వీసుకీ సర్వీసుకీ మధ్య ఆయిల్ ఎంత పోస్తున్నారని యజమానిని అడిగితే ఖర్చు లేకుండా సగం సంగతి తెలుస్తుంది. ఎగ్జాస్ట్ గ్యాస్కెట్ దగ్గర గాలి లోపలికి లాగుతున్నా సెన్సర్ లెక్క తప్పుతుంది. అప్పుడు కన్వర్టర్‌కి ఏ జబ్బూ లేకపోవచ్చు.

మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని చెప్పే పి0171 ఇంకా తికమక పెడుతుంది. కంప్యూటర్ అదనంగా ఎంత ఇంధనం పోస్తోందో ఫ్యూయల్ ట్రిమ్ శాతంలో కనిపిస్తుంది. ఐడిల్‌లో 20 శాతం పైన ఉండి, 2,500 ఆర్‌పీఎంకి వెళ్లగానే బాగా తగ్గిపోతే ఎక్కడో గాలి లీకవుతోందని, లోడు పెరిగేకొద్దీ పెరిగితే పంపో, ఫిల్టరో ఇంధనం సరిగా ఇవ్వడం లేదని విదేశీ వీడియోలు నేర్పుతాయి. అది గాలి పరిమాణాన్ని నేరుగా కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ ఉన్న కార్లకు సరిపోతుంది. మన చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి ఉండేది మ్యానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచే ఎంఏపీ సెన్సర్. వీటిలో లీకైన గాలి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది కాబట్టి ట్రిమ్ పెద్దగా కదలకుండా ఐడిల్ మాత్రమే పెరగవచ్చు. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వస్తోంది. మామూలు పెట్రోల్ ఒక పాలు మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ20కి దాదాపు 13.5 పాళ్లే చాలు. అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. పాత కారులో ఏ లోపమూ లేకుండానే ట్రిమ్ కొన్ని శాతాలు పైకి జరుగుతుంది. ఇంతకుముందు దాగి ఉన్న చిన్న లీకేజీ దానికి తోడై లైటు వెలిగించవచ్చు. మన దగ్గర పనిచేసే మెకానిక్ ఈ సంగతి మన బండ్లమీదే నేర్చుకోవాలి.

ఎలక్ట్రిక్ కార్లు వస్తున్న రోజుల్లో పొగ గురించి నేర్చుకోవడం వెనక్కి నడవడం కాదా అని అడిగేవాళ్లు ఉంటారు. సగం నిజమే. 18 ఏళ్ల కుర్రాడు ఉద్యోగజీవితం మొత్తానికీ దీన్నే నమ్ముకోకూడదు. కానీ 2020 ఏప్రిల్ నుంచి అమ్ముడైన బీఎస్-6 కార్లకూ వయసు మీదపడుతోంది. వాటి డీజిల్ రకాల్లో పొగలో కొంత వెనక్కి పంపే ఈజీఆర్ వాల్వ్‌కు మసి పట్టడం, మసిని వడకట్టే డీపీఎఫ్ మూసుకుపోవడం వంటివి పాతవాటికన్నా చిక్కుముళ్లు. పైగా వైరింగ్ చిత్రం చదవడం, మల్టీమీటర్‌తో వోల్టేజీ ఎక్కడ పడిపోతోందో పట్టడం, లైవ్ డేటా చూసి అనుమానాలను ఒక్కొక్కటిగా కొట్టేయడం, ఎలక్ట్రిక్ కారులోనూ ఇవే పనులు. హైవోల్టేజీ భద్రత శిక్షణ మాత్రం విడిగా తీసుకోవాలి.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం డబ్బుది. పాత కారు యజమాని స్పేర్ పార్టుకి డబ్బిస్తాడు కానీ చూసి చెప్పినందుకు ఇవ్వడు. ఇది నిజం, దీన్ని మాటలతో దాటేయలేం. తనిఖీకి విడిగా బిల్లు వేసే గ్యారేజీలు తక్కువ. కానీ అనవసరంగా మార్చిన కన్వర్టర్‌తో కస్టమర్ మళ్లీ వచ్చి తగాదా పెట్టుకుంటే ఆ నష్టం గ్యారేజీదే. అందుకే విషయం తెలిసిన గ్యారేజీ యజమానులు చిక్కు బండి వచ్చినప్పుడు పిలవడానికి ఒకడిని దగ్గర పెట్టుకుంటారు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట నాలుగైదు గ్యారేజీలు కలిసి అలాంటివాడిని పంచుకోవడం కూడా కుదురుతుంది. మొదటి రెండు మూడేళ్లు మాత్రం జీతం గొప్పగా ఉండదని తెలిసే దిగాలి.

పదో తరగతి పాసైనవాళ్లకు ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉంది, ఏడాది మెకానిక్ డీజిల్ ఉంది. డిప్లొమా కావాలంటే పాలిసెట్ రాయాలి. ఈ పనికి రెండేళ్ల ట్రేడే మేలనిపిస్తుంది, ఎలక్ట్రికల్ పాఠాలకు తగినంత సమయం దొరుకుతుంది. అసలు చదువు అప్రెంటిస్‌షిప్‌లో మొదలవుతుంది కాబట్టి స్టైపెండ్ ఒక్కటే చూసి చేరవద్దు. చేరబోయే చోట ఓ పూట నిలబడి చూడండి. బండి రాగానే కోడ్ చెరిపేసి పంపిస్తున్నారా, ముందు డేటా రాసుకుంటున్నారా? చెరిపేస్తే, లోపం వచ్చిన క్షణంలో వేగం, ఇంజిన్ వేడి, లోడు ఎంతో దాచిపెట్టిన ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. రాసుకునే చోట చేరి మీరూ ఒక నోట్‌బుక్ పెట్టండి. కారు తిరిగిన కిలోమీటర్లు, కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలు, ఏది కొలిస్తే ఎంత వచ్చింది, చివరికి తేలిన కారణం, రిపేరు తర్వాత ట్రిమ్ ఎంత అన్నవి బండికో పేజీ చొప్పున రాయండి. తర్వాత ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు సర్టిఫికెట్లతోపాటు దాన్నీ పట్టుకెళ్లండి.