మనసు జబ్బు పడినప్పుడు ఎక్కడికి వెళ్ళాలి?



ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే మూడవ రోజుకు ఆసుపత్రికి తీసుకొని వెళతాము. అదే మనిషి మూడు నెలలుగా నిద్రపోక, అన్నం సరిగా ముట్టక, గోడవైపు తిరిగి పడుకొంటే మాత్రం "గాలి సోకింది" అని తాయెత్తు కట్టిస్తాము. లేదా "ప్రార్థన చాలడం లేదు" అని ఆ మనిషినే తప్పు పడతాము. ఈ రెండవ మాట విశ్వాసుల నోట వినడం నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ఏలీయా ప్రవక్తను చూడండి (1 రాజులు, 19వ అధ్యాయం). ప్రాణభయంతో ఎడారిలోకి పారిపోయి, ఒక చెట్టు క్రింద కూర్చుండి చావును కోరుకొన్నాడు. దేవదూత ఆయనను మందలించలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ నిద్రపోనిచ్చి, రెండవసారి లేపి తినమన్నాడు.

పాపసంకీర్తనం వేరు, కౌన్సెలింగ్ వేరు. దిగులు జబ్బు పాపం కాదు గనుక దానికి పాపక్షమాపణ మందు కాదు. విచారణ గురువు ఓపికగా వినగలరు, ఆపైన వైద్యుని వద్దకు పంపగలరు. సైకియాట్రిస్టు మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు వ్రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేస్తారు. "కౌన్సెలర్" అని బోర్డు పెట్టుకొన్న వారందరూ శిక్షణ పొందినవారు కారు. ఏమి చదివారో అడగడానికి మొహమాటపడకండి.

హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. (ఎర్రగడ్డ పేరును మనం వేళాకోళానికి వాడి వాడి, అవసరం వచ్చినప్పుడు అక్కడికి వెళ్ళడానికి మనమే సిగ్గుపడుతున్నాము.) అంత దూరం పోనక్కరలేదు. చికిత్స జిల్లాలోనే దొరకాలన్న ఉద్దేశంతో 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. కాబట్టి ముందు మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. బస్సు ఛార్జీలు కూడా లేనివారికి టెలి మానస్ ఉన్నది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ఈ ప్రభుత్వ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాట్లాడవచ్చును. రోగి మాట్లాడలేకపోతే ఇంటివారే చేసి సలహా అడగవచ్చును.

పురుగుమందు త్రాగిన వారిని పోలీసు కేసు భయంతో ఇంట్లోనే దాచి, ప్రాణం పోగొట్టుకొన్న కుటుంబాలు మన పల్లెల్లో ఉన్నాయి. ఆ భయం ఇక వద్దు. 2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అటువంటి మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, ప్రభుత్వం ఆదుకోవాలని చెబుతుంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూచిన పాత 309 సెక్షను, 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా ఆ ఆరోగ్య చట్టమే చెబుతుంది. పెండ్లి కావలసిన పిల్లలున్న తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి.

ఇంటివారికి రెండు మూడు మాటలు. దిగులుకు ఇచ్చే మందులు పనిచేయడానికి సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. పది రోజులకే "గుణం లేదు" అని మానిపించకండి, తగ్గిన తరువాత కూడా డాక్టరును అడగకుండా ఆపకండి. "చనిపోవాలనిపిస్తున్నదా?" అని నేరుగా అడగడానికి జంకవద్దు. అడిగినంత మాత్రాన ఆ తలంపు పుట్టదు, చాలామందికి బరువు దిగినట్లవుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు ఆ రోజే ఇంట్లోనుండి తీసి, తాళం ఉన్నచోట పెట్టి, తాళంచెవి వేరొకరి చేతికి ఇవ్వండి.