ప్రేక్షకులను అడుగుదాం

పాఠ్యభాగ పరిచయం

కథ చెప్పేవారు వినేవారి మనసు తెలుసుకోవాలి. అయితే వినేవారు కోరినదంతా చెప్పడమే మంచి కథకుని పనా? విద్యార్థులు ఒక చిన్న ఉత్కంఠ చిత్రం తీయదలచినప్పుడు ఈ ప్రశ్న ఎలా ఎదురవుతుందో, దానికి సమాధానం ఎలా వెదకాలో ఈ పాఠం వివరిస్తుంది.

1. మెతుకు పట్టి చూడటం

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి అమ్మ గిన్నె అంతా బోర్లించదు. ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. ఆ ఒక్క మెతుకు మిగిలిన అన్నం సంగతి చెబుతుంది. కాని ఒక నియమం ఉంది. మెతుకు పైనుంచి మాత్రమే తీస్తే అడుగున మాడినది తెలియదు. అందుకే అమ్మ ఒకసారి గరిటెతో కలిపి, ఆ తరువాత మెతుకు పడుతుంది.

చలనచిత్రాలు తీసేవారు ప్రేక్షకుల అభిరుచిని తెలుసుకునే పద్ధతి కూడా ఇటువంటిదే. లక్షల మందిని అడగలేరు కనుక కొందరిని ఎన్నుకొని అడుగుతారు. ఆ కొందరిని ఎన్నుకోవడంలోనే నేర్పంతా ఉంది.

2. మద్రాసు న్యాయవాది అడిగిన ప్రశ్నలు

మన దేశంలో ప్రేక్షకుల గురించి పెద్ద ఎత్తున విచారణ జరిపిన తొలి సందర్భాలలో ఒకదానికి అధ్యక్షుడు మద్రాసు వారే. 1927లో ఆంగ్ల ప్రభుత్వం సినిమాల పరిస్థితిని పరిశీలించడానికి ఒక సంఘాన్ని నియమించింది. మద్రాసులో పేరుపొందిన న్యాయవాది దివాన్ బహదూర్ టి. రంగాచారియార్ దానికి అధ్యక్షుడు. అప్పటికి మన చిత్రాలకు మాటలు రాలేదు. రఘుపతి వెంకయ్య మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టి పదమూడేళ్లు మాత్రమే అయింది.

ఆ సంఘం ఒక ప్రశ్నావళిని తయారుచేసి 4,325 ప్రతులను దేశమంతటా పంపింది. సినిమాలకు ఎవరెవరు వస్తున్నారు, పిల్లలు ఎంతమంది వస్తున్నారు, ఏ చిత్రాలను మెచ్చుకుంటున్నారు వంటి సంగతులు తెలుసుకోగోరింది. జవాబులు వచ్చినవి 320. అంటే నూటికి ఎనిమిది కూడా కాదు. జవాబు రాయగలవారు చదువుకున్నవారు. నేల మీద కూర్చొని చిత్రం చూసే కూలివాడు ఆ కాగితాన్ని చూసి కూడా ఉండడు. ఈ లోపాన్ని కొంత పూరించడానికి సంఘం సభ్యులు ఊరూరా తిరిగి 353 మంది సాక్షులను నేరుగా ప్రశ్నించారు.

ప్రభుత్వానికి ఒక కోరిక ఉండేది. అమెరికా చిత్రాల జోరు తగ్గించి, ఆంగ్ల సామ్రాజ్యంలో తయారైన చిత్రాలకు ప్రత్యేక ఆదరణ కల్పించాలన్నదే ఆ కోరిక. కాని భారతీయ ప్రేక్షకులు కోరుకుంటున్నవి భారతీయ చిత్రాలని విచారణలో తేలింది. అమెరికా చిత్రాలు ఎక్కువగా చూడటం వల్ల చెడు జరుగుతుందంటే, ఆంగ్ల చిత్రాలు ఎక్కువగా చూసినా అదే జరుగుతుందని రంగాచారియార్ వర్గం 1928లో తన నివేదికలో నిర్భయంగా చెప్పింది. ప్రభుత్వం ఆ సిఫారసులను పక్కన పెట్టింది.

ఇక్కడ మనం గ్రహించవలసినది ఒకటుంది. అడిగేవారు తమకు ఇష్టమైన జవాబు కోసం అడగరాదు. ఇష్టం లేని జవాబు వచ్చినప్పుడు దానిని దాచరాదు.

3. కోటి కాగితాలు కూడా చాలలేదు

1936లో అమెరికా అధ్యక్ష పదవికి ఎన్నికలు జరిగాయి. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటి మందికి కార్డులు పంపి, ఇరవై లక్షలకు పైగా జవాబులు సేకరించింది. లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. జార్జి గాలప్ అనే పరిశోధకుడు అంతకంటే ఎంతో తక్కువ మందిని అడిగి, రూజ్వెల్ట్ గెలుస్తాడని చెప్పాడు. రూజ్వెల్టే అఖండ విజయం సాధించాడు.

పత్రిక ఎక్కడ పొరబడింది? టెలిఫోను, మోటారుకారు ఉన్నవారి జాబితాల నుంచి ఎక్కువ పేర్లు తీసుకుంది. ఆ కష్టకాలంలో అవి ఉన్నవారు కలవారు. పేదల ఇష్టం ఆ లెక్కలోకి తగినంతగా రాలేదు. మెతుకులు ఎన్ని పట్టినా అన్నీ పైనుంచే పట్టారన్నమాట! ఈ గాలప్ 1940లో హాలీవుడ్ చిత్రాల కోసం ప్రేక్షకుల పరిశోధన సంస్థను నెలకొల్పాడు. కథ వినిపిస్తే ఎంతమంది చూడాలనుకుంటారు, చిత్రానికి ఏ పేరు బాగుంటుంది వంటి సంగతులను చిత్రం తీయకముందే అడిగి తెలుసుకొనే పద్ధతి అలా బలపడింది.

4. పట్టాభిరామ్‌లో ఒక చిత్రం

ఇప్పుడు మన ఊరికి వద్దాం. చెన్నై సెంట్రల్ నుంచి అరక్కోణం వైపు వెళ్లే లోకల్ బండి ఆవడి దాటిన తరువాత హిందూ కాలేజి స్టేషనులో, ఆ వెంటనే పట్టాభిరామ్‌లో ఆగుతుంది. పట్టాభిరామ్‌లో ఎనిమిది మంది విద్యార్థులు కలిసి పన్నెండు నిమిషాల చిత్రం తీయాలనుకున్నారని ఊహించండి. చూడవలసినవారు పదమూడు నుంచి పదహారేళ్ల వయసు పిల్లలు.

వారు మొదట అనుకున్న కథ ఇది. రాత్రి ప్రత్యేక తరగతి ముగించుకొని ఒక అమ్మాయి లోకల్ బండిలో ఇంటికి వస్తుంది. ఖాళీ బెంచీ మీద ఎవరిదో సెల్‌ఫోను మోగుతుంది. తీస్తే, పట్టాల మీద చనిపోయిన మనిషి గొంతు వినిపిస్తుంది. అమ్మాయి కేకలు వేస్తుంది, ఏడుస్తుంది, పరుగెత్తుతుంది. చివరకు దయ్యం కనిపిస్తుంది.

తీయబోయే ముందు నలభై మందిని అడుగుదామని వారు నిశ్చయించుకున్నారు. తమ స్నేహితులనే అడిగితే పైమెతుకే అవుతుంది. అందుచేత ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా, బాలురను బాలికలను సమానంగా, తెలుగు మాధ్యమంవారిని తమిళ మాధ్యమంవారిని, బండిలో వచ్చేవారిని నడిచి వచ్చేవారిని కలిపి ఎన్నుకున్నారు.

మొదట రాసుకున్న ప్రశ్న: 'మీకు థ్రిల్లర్ చిత్రాలు ఇష్టమేనా?' దీనికి అందరూ ఇష్టమే అంటారు. ఆ జవాబుతో ఏ పనీ జరగదు. కనుక దానిని ఇలా మార్చారు: 'చిత్రం చూస్తూ చివరిసారి మీరు నిజంగా భయపడిన దృశ్యం ఏది? అప్పుడు ఏం చేశారు?' ఇలా జరిగినదాన్ని అడిగితే నిజం బయటికి వస్తుంది. కాగితాల మీద పేర్లు రాయవద్దని కూడా చెప్పారు. పేరు రాయనక్కరలేదంటే ముఖప్రీతి మాటలు తగ్గుతాయి.

5. కాగితాలు చెప్పిన సంగతి

కాగితాలు విప్పి చూస్తే ఏముంటుంది? దయ్యాన్ని చూస్తే నవ్వు వస్తుందని చాలామంది రాశారనుకుందాం. నిశ్శబ్దంగా ఉన్న ప్లాట్‌ఫారం, వెనుక వినిపించే అడుగుల చప్పుడు, అమ్మ ఫోను ఎత్తకపోవడం, ఇవే తమకు భయమని రాశారు. రక్తం కావాలని కొందరు అబ్బాయిలు రాశారు. ఒక అమ్మాయి కాగితంలో మాత్రం రెండే వాక్యాలు: 'నేను రోజూ రాత్రి ఆ బండిలోనే వస్తాను. సినిమాలో ఆ అమ్మాయిని ఏడిపించకండి.'

ఎనిమిది మందీ కొంతసేపు మాట్లాడలేదు. లెక్క ప్రకారం అది నలభైలో ఒక్క కాగితమే. రక్తం కోరిన కాగితాలు అంతకన్నా ఎక్కువ. ఏది వినాలి?

ఇక్కడే అంకెలు ఆగిపోతాయి, మన వివేకం మొదలవుతుంది. ఎక్కువమంది ఏమి కోరుతున్నారో అంకెలు చెబుతాయి. ఏది న్యాయమో అవి చెప్పవు. ఆ అమ్మాయికి రాత్రి బండి కథ కాదు, బతుకు. ఆమె భయాన్ని వినోదంగా అమ్మితే చిత్రం చూసిన మర్నాడు ఆమె మరింత భయంతో బండి ఎక్కుతుంది. ఆమెకు ధైర్యం చెప్పే కథ అయితే తల ఎత్తుకొని ఎక్కుతుంది. రక్తం లేకపోతే ఉత్కంఠ ఉండదన్నది కూడా నిజం కాదు. 1972లో వచ్చిన 'పాపం పసివాడు' చిత్రంలో ఎడారిలో తప్పిపోయిన బాలుడు ఇల్లు చేరతాడా లేదా అన్న ఒక్క ప్రశ్నే ప్రేక్షకులను కూర్చోబెట్టింది. 1996లో గుణ్ణం గంగరాజు తీసిన 'లిటిల్ సోల్జర్స్'లో పిల్లల ప్రాణాలకు ముప్పు ఉంది. దానిని ఎదుర్కొనే తెలివి, నవ్వు కూడా పిల్లలవే.

6. కథ మారిన తీరు

ఉత్కంఠను గురించి ప్రసిద్ధ దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఒక ఉదాహరణ చెప్పేవాడు. బల్ల కింద ఉన్న బాంబు హఠాత్తుగా పేలితే ప్రేక్షకులు కొన్ని క్షణాలు ఉలిక్కిపడతారు. బాంబు ఉన్నదని ప్రేక్షకులకు ముందే తెలిసి, బల్ల దగ్గర కూర్చున్నవారికి తెలియకపోతే నిమిషాల తరబడి ఊపిరి బిగబట్టి చూస్తారు. మొదటిది అదిరిపాటు. రెండవది ఉత్కంఠ.

విద్యార్థులు ఈ సూత్రంతో కథను తిరగరాశారు. బెంచీ మీద ఫోను మోగుతుంది. ఒక ముసలాయన గొంతు: 'అమ్మా, ఆ ఫోను నాది. నేను వచ్చేదాకా ఎవరికీ ఇవ్వకు.' తలుపు దగ్గర నిలబడ్డ మనిషి ఈ మాటలు విన్నాడని ప్రేక్షకులు చూస్తారు. అమ్మాయి చూడదు. అతడు వచ్చి ఫోను తనదే అంటాడు. ఆమె ఏడవదు. 'మీదైతే నంబరు చెప్పండి' అని తమిళంలో అడుగుతుంది. అతడు తడబడతాడు. ఆమె తన ఫోనులో అమ్మతో, అతనికి తెలియకుండా ఉండాలని, తెలుగులో మాట్లాడుతుంది: 'అమ్మా, పక్కన ఒకతను ఉన్నాడు. స్టేషనుకు నాన్నను పంపు.'

ఈ కథను మరి కొందరికి చదివి వినిపించారు. మధ్యలో ఆపి 'తరువాత ఏం జరుగుతుంది?' అని అడిగారు. వినేవారిలో ఒకడు నవ్వాడు. 'మన వైపు తెలుగు రానివారు ఎవరురా? అతనికీ వస్తుంది!' అన్నాడు.

నిజమే. తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాలలో ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష వినిపించడం కొత్త కాదు. రాసినవారికి తట్టని సంగతి వినేవాడికి తట్టింది. అంతటితో చిత్రానికి ప్రాణం వచ్చింది. అమ్మాయి ఫోను పెట్టేయగానే ఆ మనిషి మెల్లగా వంగి అంటాడు: 'నాకూ తెలుగు వచ్చు పాపా.'

7. చూసేవారి ముఖాలను చూడటం

చిత్రం కూర్చిన తరువాత, కథ తెలియని ఆరుగురికి చూపాలి. 'ఎలా ఉంది?' అని అడిగితే బాగుందనే అంటారు. కనుక తెరను కాక వారి ముఖాలను గమనించాలి. ఎక్కడ పక్కవారితో మాట్లాడారు, ఎక్కడ ముందుకు వంగారు, ఎక్కడ అర్థంకాక కనుబొమలు ముడిచారు అన్నది నిమిషాలతో సహా రాసుకోవాలి. మాట మొహమాటపడుతుంది కాని ముఖం మొహమాటపడదు.

కొన్ని జాగ్రత్తలు మరువరాదు. రైల్వేస్టేషనులోను, బండిలోను చిత్రీకరించాలంటే రైల్వేవారి అనుమతి తీసుకోవాలి. నటించే పిల్లల తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. థియేటర్లలో చూపే చిత్రాలకు వయసును బట్టి ధ్రువపత్రం ఇస్తారు. 2024 నియమాల ప్రకారం 'యుఏ' ధ్రువపత్రాన్ని ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని మూడు విధాలుగా విభజించారు. ఎవరికోసం తీస్తున్నామో ముందే నిర్ణయించుకోవాలని ఈ విభజన కూడా గుర్తుచేస్తుంది.

ప్రేక్షకులను అడగడమంటే వారికి లోబడటం కాదు, వారిని లెక్కలోకి తీసుకోవడం. దారి ఎక్కడ గతుకులుగా ఉందో నడిచేవారిని అడగాలి. ఆ దారిన ఎక్కడికి వెళ్లాలన్నది మాత్రం మనమే నిర్ణయించుకోవాలి. నలభై కాగితాలలో ఒక్క కాగితాన్ని చదివి ఆగిపోగలిగినవారే మంచి కథ చెప్పగలరు.

అర్థాలు

ఉత్కంఠ = ఏమవుతుందో అన్న ఆతురత
ప్రశ్నావళి = ప్రశ్నల వరుస
ముఖప్రీతి మాటలు = ఎదుటివారి మెప్పుకోసం చెప్పే మాటలు
సమ్మతి = అంగీకారం
వివేకం = మంచిచెడులను గుర్తించే తెలివి

ప్రశ్నలు

అ) ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.
1. రంగాచారియార్ సంఘం పంపిన ప్రశ్నావళికి ఎన్ని జవాబులు వచ్చాయి?
2. కాగితాల మీద పేర్లు రాయవద్దని ఎందుకు చెప్పారు?
3. అదిరిపాటుకు, ఉత్కంఠకు తేడా ఏమిటి?

ఆ) పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. లిటరరీ డైజెస్ట్ పత్రిక పొరపాటును 'మెతుకు పట్టి చూడటం'తో పోల్చి వివరించండి.
2. నలభైలో ఒక్క కాగితానికి విద్యార్థులు విలువ ఇవ్వడం సరైనదేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.

ఇ) సంధి విడదీసి పేరు రాయండి.
విద్యార్థి, ప్రేక్షకాభిరుచి, ప్రశ్నోత్తరం

ఈ) కృత్యం
'నాకూ తెలుగు వచ్చు పాపా' అన్న తరువాత కథ ఏమవుతుంది? ముగింపు రాయండి. దానిని మీ తరగతివారు కాని ఐదుగురికి వినిపించి, వారు ఎక్కడ ముందుకు వంగారో గుర్తించి, మళ్లీ రాయండి.