ఎల్ల దాటిన పత్రిక

తమిళ సీమలో పెరిగే పిల్లలకు సుబ్రహ్మణ్య భారతి పాటలు చిన్ననాటి నుండి పరిచయమే. మన తెలుగు అందాన్ని సైతం ఆయన ఒక పాటలో మెచ్చుకున్నాడు. అయితే ఆయన చేపట్టిన వృత్తి పత్రికా రచన.

1882 డిసెంబరు 11న ఎట్టయపురంలో జన్మించిన భారతి, 1904లో మద్రాసు చేరి 'స్వదేశమిత్రన్' పత్రికలో ఉపసంపాదకుడయ్యాడు. ఆంగ్ల వార్తలను, ఉపన్యాసాలను తమిళంలోకి మార్చడం ఆయన పని. 1906లో వెలువడిన 'ఇండియా' వారపత్రికలో ఆయన కలానికి స్వేచ్ఛ లభించింది. ఎర్రని కాగితంపై అచ్చయ్యే ఆ పత్రికలో రాజకీయ వ్యంగ్య చిత్రాలుండేవి. చదువు రానివారు సైతం చూచి సంగతి గ్రహించగల బొమ్మలవి.

1908లో ప్రభుత్వం ఆ పత్రికపై రాజద్రోహ నేరం మోపింది. చట్టరీత్యా సంపాదకుడుగా నమోదైన శ్రీనివాసన్ జైలుపాలయ్యాడు. మిత్రుల సలహాపై భారతి పుదుచ్చేరికి వెళ్ళిపోయాడు. మరొకరు చెరలో ఉండగా తాను తప్పుకోవడం సబబేనా అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్న తేలికైనది కాదు. కాని ఆయన వెళ్ళింది మౌనంగా కూర్చోవడానికి కాదు.

పుదుచ్చేరి అప్పుడు, యానాం వలెనే, ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. ఆంగ్ల పోలీసులకు అక్కడ అరెస్టు చేసే అధికారం లేదు. అదే ఏడు అక్టోబరులో 'ఇండియా' అక్కడినుండి మళ్ళీ వెలువడింది. ప్రభుత్వం పత్రికను ఆపలేకపోయింది గాని, పాఠకునికి అందకుండా చేయగలిగింది. ఎల్ల దాటి వచ్చే ప్రతులను నిషేధించింది. చదివేవారిలో ఎక్కువమంది ఎల్లకు ఇవతలే ఉన్నారు మరి! 1910 మార్చిలో పత్రిక మూతపడింది. గూఢచారుల నిఘా, ఇంట్లో లేమి మిగిలాయి. 'పాంచాలీ శపథం' రచించింది ఆ రోజులలోనే.

1918 నవంబరు 11న మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది. తొమ్మిది రోజులకే భారతి ఎల్ల దాటాడు. కడలూరు వద్ద పోలీసులు పట్టుకున్నారు. అనిబిసెంటు, సి.పి. రామస్వామి అయ్యరు వంటివారు కలుగజేసుకోగా, మూడు వారాలు దాటాక విడుదలయ్యాడు. రాజకీయాలకు దూరంగా ఉండాలన్నది షరతు. భార్య చెల్లమ్మ పుట్టినూరు కడయంలో చాలాకాలం గడిపాడు. పత్రికలో ఎవరికీ వెరవని మనిషికి ఈ షరతు చెరసాలకంటె కష్టమైనదేమో!

1920లో ఆంక్షలు తొలగాక, పదహారేళ్ళ క్రితం పని మొదలుపెట్టిన 'స్వదేశమిత్రన్'లోనే తిరిగి చేరాడు. 1921 సెప్టెంబరులో మద్రాసులో మరణించేనాటికి ఆయనకు నలభై ఏళ్ళు నిండలేదు.

ప్రశ్నలు: పుదుచ్చేరిలో అచ్చయిన 'ఇండియా' పత్రిక ఎందుకు నిలవలేకపోయింది? శ్రీనివాసన్ స్థానంలో మీరుంటే భారతికి ఏమని జాబు రాసేవారు?